సైన్స్ సారుకు ప్లేడే

ఈ మధ్య బీఎడ్ పూర్తిచేసిన పిల్లలు ఇద్దరు ముగ్గురు మా ఇంటికి వచ్చి ఒకే ప్రశ్న అడిగారు. "సార్, సైన్స్ టీచరుకు ఎంతిస్తరు?" పెద్దవాళ్లు ఈ ప్రశ్న వినగానే మొహం చిట్లించి, చదువు చెప్పడం ఎంత గొప్ప పనో చెప్పడం మొదలుపెడతారు. నేను చిట్లించను. గోదావరిఖనిలో ఇరవై ఎనిమిదేళ్లు ప్రైవేటు హైస్కూలు పిల్లలకు భౌతిక, రసాయన శాస్త్రాలు చెప్పి, గొంతు పోయి, యాభై నాలుగో ఏట మానేసినవాణ్ణి. ఆ ఇరవై ఎనిమిదేళ్లలో నా జీతం నాకు గుర్తులేని రోజు లేదు. పక్కవాళ్ల జీతం తెలుసుకోవాలని అనుకోని రోజు కూడా లేదు.

కాబట్టి ముందే చెప్తున్నాను. ఇది ఈర్ష్యగల మనిషి రాస్తున్నది. లెక్కలు మాత్రం సరిగ్గానే ఉంటాయి. ఒక్క లెక్క తప్పింది. ఎక్కువగా దాని గురించే రాస్తున్నాను.

పే స్లిప్ చదవడం

జీతాల లెక్క నాకు ఎవరూ నేర్పలేదు. మా అక్క భర్త రాజమల్లు బావ బొగ్గు కంపెనీలో భూగర్భ గని కార్మికుడు. పదో తరగతి తప్పాడు. నేను ఈ ఊరికి వచ్చిన కొత్తలో వాళ్ల క్వార్టరులోనే ఉండేవాణ్ణి. ఒకరోజు డ్యూటీ నుంచి వచ్చి, చెమటకు మెత్తబడిన కాగితం ఒకటి నా ముందు పెట్టాడు.

"బామ్మర్దీ, గీ ఇంగ్లీషు జర చదువు. నన్ను ముంచిన్రా, తేల్చిన్రా చెప్పు."

అది పే స్లిప్. నాకూ సగం అర్థం కాలేదు. నాలుగైదు నెలల కాగితాలు పక్కపక్కన పెట్టుకుని, ఏ అంకె మారింది, ఎందుకు మారింది అని చూసుకుంటూ పోయాను. బేసిక్ అంటే ఏమిటి, గనిలోకి దిగినందుకు ఇచ్చే అలవెన్సు ఎంత, దేనికి ఎంత కోస్తారు, అన్నీ అట్లా తెలిశాయి. తర్వాత బావ షిఫ్టువాళ్లు కూడా కాగితాలు పట్టుకుని రావడం మొదలైంది. మా వీధిలో నన్ను సైన్స్ సారు అని ఎవరూ అనేవారు కాదు. స్లిప్పుల సారు అనేవారు.

ఆ కాగితాల మీద రెండు మాటలు నన్ను చాలా ఏళ్లు బాధపెట్టాయి. ఒకటి మస్టరు. డ్యూటీకి పోయిన ప్రతి రోజుకీ ఒక మస్టరు పడుతుంది. ఇక్కడ మనిషి ఏడాదిని మస్టర్లలోనే లెక్కపెడతాడు. రెండోది ప్లేడే. పేరుకు ఆడుకునే రోజు, అంటే వారపు సెలవు. ఆ రోజు డ్యూటీ పడితే రెట్టింపు కూలి. ప్లేడే జాబితాలో తమ పేరు లేదని మనుషులు అలిగేవారు, సూపర్‌వైజరుతో మాట్లాడటం మానేసేవారు. నేను చదువుకున్నవాణ్ణి. ఆదివారాలు టెన్త్ పిల్లలకు ఉత్తగా క్లాసులు చెప్పి ఇంటికొచ్చి, బావ రెండు ప్లేడేలకు వచ్చిన డబ్బు నా నెల జీతంలో ఎన్నో వంతో లెక్కగట్టేవాణ్ణి. ఎన్నో వంతో ఇక్కడ రాయను. ఇప్పటికీ రాయబుద్ధి కావడం లేదు.

ఎవరికి ఎక్కువ, ఎందుకు

మీరు అడిగినదానికి సూటిగా జవాబు చెప్తాను. ప్రైవేటు బడిలో సైన్స్ టీచరు జీతం అతను ఎంత బాగా చెప్తాడన్నదాన్ని బట్టి ఉండదు. అతను వెళ్లిపోతే ఆ బడికి ఎంత ఇబ్బంది అన్నదాన్ని బట్టి ఉంటుంది. నేను మంచి టీచర్నే. కానీ నేను ఎక్కడికీ వెళ్లనని అందరికీ తెలుసు. ఇల్లు ఇక్కడ, అక్క ఇక్కడ. నా జీతం నత్తనడక నడవడానికి అదే కారణం.

మొదట్లో భౌతికశాస్త్రానికి జీవశాస్త్రం కంటే ఎక్కువ ఇచ్చేవారు. ఎంసెట్, ఇంజనీరింగ్ ఆశలు అట్లా ఉండేవి. తర్వాత బడి ముందు 'నీట్ ఫౌండేషన్' అని బోర్డు వేలాడింది. అదే పుస్తకం, అదే కప్ప బొమ్మ, అదే గుండె బొమ్మ. బోర్డు మారగానే జీవశాస్త్రం రేటు పెరిగింది. పాఠం మారకుండానే జీతం మారుతుందని నాకు అప్పుడే తెలిసింది. ఎమ్మెస్సీ ఉంటే ఇంకొంచెం ఎక్కువ. నాది బీఎస్సీ, బీఎడ్.

ప్రభుత్వ టీచరు సంగతి వేరు. నాతో బీఎడ్ చదివిన ఒకతను గోలేటి వైపు సర్కారు బడిలో సైన్స్ చెప్తాడు. నేను డీఎస్సీ మూడుసార్లు రాశాను. అతను ఒక్కసారే రాశాడు. పెళ్లిళ్లలో ఎదురైతే, "ఎట్లున్నవే, ఇంకా ఆ బళ్లెనేనా?" అంటాడు. ఆప్యాయంగానే అంటాడు. నేను వేరే వరుసలో కూర్చుని తింటాను.

ఆదివారం బ్యాట్లు

మా కరస్పాండెంటు బట్టల వ్యాపారం నుంచి బడి వ్యాపారంలోకి వచ్చిన స్థానికుడు. చెడ్డవాడు కాదు. అడగనిదే పైసా తీయడు, అంతే. ఒక డిసెంబరులో ధైర్యం చేసి, ఆదివారం క్లాసులకు ప్లేడే కూలి ఇప్పించాలని అర్జీ రాసి ఇచ్చాను.

చదివి గట్టిగా నవ్వాడు. "సారూ, ఇది బడి అనుకున్నరా, బొగ్గు బాయి అనుకున్నరా? రేపు హెడ్‌లైటు, గంబూట్లు గూడ అడుగుతరా ఏంది?"

"దుమ్ము మింగే గొంతు మాత్రం రెండు దగ్గర్ల ఒక్కటే సార్," అన్నాను.

"డబుల్ గిబుల్ లేదు. సింగిల్ ఇస్త. ఆదివారానికి ఐదు వందలు. సైన్స్‌కు ఒక్కరే రావాలె. ఎవ్వలు ఏ ఆదివారమో లిస్టు నువ్వే రాయి. ఆ లొల్లి నా దగ్గరికి తేవద్దు."

నా అర్జీ ప్రిన్సిపాల్ బల్ల మీదికి చేరింది. ఆయన అప్పుడే బయటి జిల్లా నుంచి వచ్చాడు, ఇక్కడి ప్లేడే సంగతి తెలియదు. ప్రార్థన సమయంలో మైకు పట్టుకుని, "పదో తరగతి పిల్లలకు వచ్చే ఆదివారం ప్లే డే" అని ప్రకటించాడు. ఆదివారం వచ్చింది. బజారు దుకాణాలవాళ్ల పిల్లలంతా క్రికెట్ బ్యాట్లు పట్టుకుని వచ్చారు. గని కార్మికుల పిల్లలంతా పుస్తకాల సంచులు, టిఫిను డబ్బాలతో వచ్చారు. ప్రిన్సిపాల్ ఆ రెండు గుంపుల్నీ మార్చి మార్చి చూశాడు. నేను అంతగా నవ్విన రోజు ఆ బడిలో ఇంకొకటి లేదు.

ఆ ఏడాది ఆదివారాలను జీవశాస్త్రం చెప్పే ఆవిడతో సగం సగం పంచుకున్నాను. వేసవిలో ఆవిడ మానేసింది. ఆమె స్థానంలో స్వర్ణలత వచ్చింది.

పదిహేడు వేలు

స్వర్ణలత తండ్రి కోస్తా నుంచి వచ్చి కంపెనీలో సర్వేయరుగా చేసి రిటైరైనాయన. కంపెనీవాళ్ల సెంటినరీ కాలనీలో పెరిగిందట. ఎమ్మెస్సీ. ముప్పై ఏళ్లు కూడా లేవు. మాట మెత్తన. బోర్డు మీద గుండె బొమ్మ వేస్తే పిల్లలు చెరపనిచ్చేవారు కాదు.

నేను ఇవన్నీ ఒప్పుకునేవాణ్ణి, రెండు నెలలు. ఆ తర్వాత గుమస్తా సెలవు పెడితే జీతం కవర్ల మీద పేర్లు, అంకెలు రాసే పని నాకు వచ్చింది. నా కవరు మీద పదిహేను వేల ఐదు వందలు రాశాను. ఆ బడిలో నాది పద్దెనిమిదో ఏడు. ఆమె కవరు మీద పదిహేడు వేలు రాశాను. ఆమెది మూడో నెల. మళ్లీ జాబితా చూశాను. పదిహేడే.

ఆ రోజు నుంచి ఆమె బొమ్మలు నాకు నచ్చడం మానేశాయి. ఆఫీసర్ల కాలనీ పిల్ల, సరదాకి ఉద్యోగం చేస్తోంది అనుకున్నాను. సర్వేయరు ఆఫీసరు కాదని నాకు బాగా తెలుసు. స్లిప్పులు చదివినవాణ్ణి. అయినా అట్లాగే అనుకున్నాను.

డిసెంబరులో ఆమె వచ్చి అడిగింది. "సార్, ఆదివారం క్లాసులు నాకూ కొన్ని వెయ్యండి. అవి వస్తే ఈ వేసవి గడుస్తుందండి. మా ఆయన పని చేసే కాంట్రాక్టు అయిపోయింది. మంచిర్యాలలో బట్టల షోరూములో కౌంటరు దగ్గర కూర్చోమంటున్నారు మావాళ్లు. నాకేమో బడి మానెయ్యాలని లేదు."

ఇంత స్పష్టంగా చెప్పింది. ఆమె సైన్స్ టీచరుగా మిగలడమా, చీరలు మడతపెట్టడమా అన్నది నా చేతిలోని జాబితా మీద ఆధారపడింది. నాకు వినిపించింది 'వేసవి' అన్న ఒక్క మాట. పదిహేడు వేలు తీసుకునేవాళ్లకు వేసవి అంటే ఊటీ అనుకున్నాను.

"కొత్తోళ్లకు ఈ ఏడు ఉండదమ్మా. వచ్చే ఏడు చూద్దాం," అన్నాను. అట్లాంటి నియమమేమీ లేదు. అప్పటికప్పుడు పుట్టించాను.

జనవరిలో మళ్లీ అడిగింది. ఫిబ్రవరిలో కూడా అడిగింది. పరీక్షల దాకా పదహారు ఆదివారాలు. పదహారింటికీ నా పేరే రాసుకున్నాను. ప్లేడే జాబితా రాసే సూపర్‌వైజర్లను తిట్టుకుంటూ మా వీధి మనుషులు నా గుమ్మంలో కూర్చునేవారు. నేను వాళ్ల పక్షాన మాట్లాడేవాణ్ణి.

ధమని

ఆదివారం ఒక్కరే రావాలి కాబట్టి జీవశాస్త్రం కూడా నేనే చెప్పాల్సి వచ్చింది. చదివి ఇరవై ఏళ్లు దాటింది. రక్తప్రసరణ దగ్గర ధీమాగా చెప్పాను: ధమని ఏదైనా సరే, ఆక్సిజన్ ఉన్న మంచి రక్తమే మోస్తుంది. నిజానికి గుండె నుంచి ఊపిరితిత్తులకు పోయే ధమనిలో ఆక్సిజన్ తక్కువ ఉన్న రక్తం ఉంటుంది. అది ఒక్కటీ వేరు. పరీక్షల్లో అడిగేది కూడా సరిగ్గా దాన్నే.

ప్రీ ఫైనల్‌లో నలభై మందిలో ముప్పై మందికి పైగా నేను చెప్పినట్టే రాశారు. పేపర్లు దిద్దింది స్వర్ణలత. ఏదో ఒకటి అంటుందని స్టాఫ్‌రూములో ఎదురుచూశాను. ఏమీ అనలేదు. తర్వాత ఒక పిల్లవాడు చెప్పాడు. "సార్, మేడం మాకు సారీ చెప్పింది. ఆ పాఠం తనే జల్ది జల్ది చెప్పిందంట, అందుకే మాకు తప్పు పోయిందంట."

కృతజ్ఞత కలగాలి. నాకు కలిగింది వేరు. ఆమెకు జీతమూ ఎక్కువే, గుణమూ ఎక్కువేనా అనిపించింది. కొత్తగా వచ్చేవాళ్లు ఇది తెలుసుకోవాలి. ఈర్ష్య మనసులోనే ఆగదు, బోర్డు మీదికి వస్తుంది. నేను ఐదు వందలకూ పంతానికీ తెలియని పాఠం చెప్పాను. ముప్పై మంది పిల్లల రక్తం అడ్డదారిన ప్రవహించింది.

బావ అడిగిన ప్రశ్న

టెన్త్ పరీక్షలు ముగిసిన ఆదివారం అక్క భోజనానికి పిలిచింది. నేను తింటూ ఇదే పురాణం ఎత్తుకున్నాను. పద్దెనిమిదేళ్ల సర్వీసుకు పదిహేనున్నర, మొన్న వచ్చిన ఆమెకు పదిహేడు.

బావ ముద్ద కలుపుతూ అడిగాడు. "ఏడాదికి ఎన్ని మస్టర్లు పడ్తయి ఆమెకు?"

"మాకు మస్టర్లెక్కడియి బావా? నెల జీతం."

"నెల జీతమైతే ఎన్ని నెలలు? మా బాయి కాడ పర్మినెంటు గాని బదిలీ పిలగాడు గూడ రోజు కూలి మా అంతనే చెప్తడు. మస్టర్లు అడిగితే మూతి ముడుస్తడు."

"అందరికి పన్నెండేనాయె."

"అడిగినవా?"

అక్క కలగజేసుకుంది. "తమ్మీ, ఊరందరి స్లిప్పులు చదువుతవు, నీ బడిది నువ్వు చదువలేదా?"

"వానికి పక్కోళ్ల కవరు మీద అంకె కనవడ్డది గదనే," అన్నాడు బావ. "ఇగ కండ్లెక్కడ కనవడ్తయి? పప్పెయ్యి."

ఇంటికి నడుస్తూ లెక్క వేశాను. పదిహేడు వేలు పన్నెండుసార్లయితే రెండు లక్షల నాలుగు వేలు. పదిసార్లయితే లక్షా డెబ్బై వేలు. నాది పన్నెండుసార్లు, లక్షా ఎనభై ఆరు వేలు. ఇన్నేళ్లు మనుషుల పే స్లిప్పులలో మొదట మస్టర్ల గడి చూసి, తర్వాతే కింది అంకె చూసినవాణ్ణి. నా విషయంలో కింది అంకె ఒక్కటే చూశాను.

ల్యాబులో

సోమవారం ఆమె ల్యాబులో సీసాలు సర్దుతోంది. ఆ నెలాఖరుతో మానేస్తున్నట్టు అప్పటికే స్టాఫ్‌రూములో అందరికీ చెప్పింది. మా బడిలో ఒకరి జీతం ఒకరికి చెప్పకూడదని నియమం. చేరేటప్పుడే కాగితం మీద సంతకం పెట్టించుకుంటారు. ఆ కాగితం వల్ల లాభం ఎవరికో నేను అంతవరకూ ఆలోచించలేదు.

"మేడం, మీకు జీతం ఎన్ని నెలలకు?"

ఆమె చేయి ఆగింది. "పది నెలలకండి. మే, జూన్ జీతం ఉండదు. ఈ ఏడు నుంచి కొత్తవాళ్లందరికీ అంతే అన్నారు. మీకూ అంతేగా సార్?"

"నాకు పదిహేను వేల ఐదు వందలు. పన్నెండు నెలలు."

ఆమె నా వైపు చూసింది. కళ్లు కొంచెం చిన్నవయ్యాయి, పెదవి ఒక పక్కకు పోయింది. ఆ చూపు నాకు కొత్త కాదు. ఆరు నెలలుగా లోపలి నుంచి నాకు తెలుసు. బయటి నుంచి అట్లా ఉంటుందని మాత్రం అప్పుడే చూశాను.

"మీకు నాకంటే ఎక్కువా సార్?" అంది.

"ఏడాదికి పదహారు వేలు ఎక్కువ. ఆదివారాలు కలిపితే ఇరవై నాలుగు వేలు." ఆగితే మళ్లీ చెప్పలేనని తెలిసి, మిగతాది కూడా చెప్పేశాను. "కొత్తోళ్లకు ఆదివారాలు ఉండవన్నది అబద్ధం. మీకు నాకంటే ఎక్కువిస్తున్నారని వెయ్యలేదు."

ఆమె చేతిలోని సీసా బల్ల మీద పెట్టింది. కోప్పడుతుందనుకున్నాను. వేళ్ల మీద ఏదో లెక్క వేసుకుంది.

"సగం వేసినా ఎనిమిది ఆదివారాలండి. నాలుగు వేలు. ఒక నెల ఇంటద్దె." కొంచెం ఆగి, "ధమని సంగతి కూడా అందుకేనా? వచ్చి నన్నడిగితే చెప్పేదాన్ని కదండీ," అంది.

నేను ఆ సీసా తీసి అరలో పెట్టాను.

"మీ జీతం మీరే చెప్పారని కరస్పాండెంటు గారికి చెప్పనా, వద్దా సార్?"

ఒక్క క్షణం ఆలోచించాను. ఆ ఏడాది నాకు రావలసిన ఇంక్రిమెంటు గుర్తొచ్చింది. అది గుర్తు రాలేదని రాస్తే అబద్ధమవుతుంది.

"చెప్పండి," అన్నాను.

ఆమె కొంగుకు చేతులు తుడుచుకుని నేరుగా కరస్పాండెంటు గదికి వెళ్లింది. నేను వరండాలో నిలబడ్డాను. తలుపు తట్టగానే లోపలి నుంచి, "రా అమ్మా, కూసో" అన్న మాట వినిపించింది. నాకు ఆ గదిలో కుర్చీ చూపించిన గుర్తు లేదు. తర్వాత ఆమె గొంతే వినిపించింది, మెత్తగా, తడబడకుండా. పన్నెండు నెలలు ఇస్తే ఉంటాను, లేకపోతే బోర్డు మీద నీట్ అన్న మాట ఉంచుకోవాలో తీసెయ్యాలో మీరే చూసుకోండి అని.

పది నిమిషాల్లో బయటికి వచ్చింది. "ఇస్తానన్నారండి. పన్నెండూ."

"కోప్పడ్డాడా?"

"నా మీద కాదండి," అంది. చిన్నగా నవ్వింది కూడా.

ఆమె ఉండిపోయింది. బడికి అది మేలు, పిల్లలకు మేలు. నాకు కూడా సంతోషం కలిగి ఉంటుందని మీరు అనుకోవచ్చు. కలిగింది, సాయంత్రం దాకా. రాత్రి పడుకుని లెక్క వేస్తే, ఆమెకు రెండు లక్షల నాలుగు వేలు, నాకు లక్షా ఎనభై ఆరు వేలు. ఇప్పుడు నిజంగానే పద్దెనిమిది వేలు ఎక్కువ. ఆరు నెలలు లేనిదాని మీద పడ్డ ఈర్ష్యను, నేనే వెళ్లి ఉన్నదాని మీద పడేట్టు చేసుకున్నాను.

మర్నాడు ప్రార్థన అవగానే నేను కూడా ఆ తలుపు తట్టాను. పద్దెనిమిదేళ్లలో నెల జీతం పెంచమని ఆ తలుపు తట్టడం అదే మొదలు. ధైర్యం వచ్చి కాదు. నిద్ర పట్టక.

కరస్పాండెంటు తల ఎత్తకుండానే అన్నాడు. "నిన్న చేసింది సాలలేదా సారూ? మళ్ల ఏం గావాలె?"

"మేడంకు ఎంతనో నాకూ గంతనే," అన్నాను.

కుర్చీ చూపించలేదు. వెయ్యి పెంచాడు. పదహారున్నర. ఆ తర్వాత ఏటా ఇద్దరికీ సమానంగానే పెంచుతూ వచ్చాడు. కాబట్టి నేను మానేసిన రోజుకు కూడా స్వర్ణలత నాకంటే ఐదు వందలు ఎక్కువే తీసుకుంటోంది. వీడ్కోలు సభలో నాకు శాలువా కప్పింది ఆమే. నా గురించి చాలా మంచి మాటలు చెప్పింది. నేను ఆ ఐదు వందల గురించే ఆలోచిస్తూ కూర్చున్నాను.